ఎవరి ఎత్తులో వాళ్ళ మేకు

పోయిన వారం జగ్గయ్యపేట నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. అన్నయ్యంటే నాకు తోడబుట్టినవాడు కాదు, మా వారి మేనత్త కొడుకు. లారీ స్పేర్ పార్టుల కొట్టు నడిపీ నడిపీ, ఎదురుగా ఎప్పుడూ ఇంజన్ మోగుతున్నట్టే అరిచి మాట్లాడటం అలవాటైపోయింది.

"చెల్లెమ్మా, అమ్మ సంవత్సరీకం అయిపోయింది కదా, ఇంటికి రంగులేయిస్తున్నా. మధ్యగదిలో గోడ చూసి పెయింటర్ దడుచుకున్నాడు. గోడా జల్లెడా అంటన్నాడు. ఆదివారం మొత్తం లప్పం పెట్టించేసి నున్నగా చేయించేస్తా. బావకి కూడా ఓ మాట చెప్పు."

సరేనని పెట్టేశాను. పెట్టేశాక స్టవ్ మీద పాలున్న సంగతి మర్చిపోయి అక్కడే నిలబడిపోయాను. పాలు పొంగి గట్టంతా పారాయి. పిన్ని ఉంటే "పాలకున్న తొందర నీకుంటే బాగుండేదమ్మాయ్" అని ఒకటి అంటించేది. ఆవిడే అన్నయ్య వాళ్ళమ్మ, నాకు పిన్ని వరస. మా పిల్లకి పేట అమ్మమ్మ. వాళ్ళ వీధి పిల్లలకైతే మేకుల మామ్మ.

ఆ గోడ గురించి చెప్పకుండా ఆవిడ గురించి చెప్పలేను. మధ్యగదిలో, వంటింటి గుమ్మం పక్కన ఉంటుంది. దాని మీద దేవుడి పటం లేదు, క్యాలెండర్ లేదు. వరసగా మేకులు, మేకుకో గుడ్డసంచి. ఆ ఇంటికి ఆడుకోవడానికొచ్చే ప్రతి పిల్లకీ, పిల్లాడికీ ఒక మేకు, ఒక సంచి. సొంత మనవలకే కాదు, మాలాంటి చుట్టాల పిల్లలకి, పక్కింటి లారీ డ్రైవర్ మస్తాన్ పిల్లలకి కూడా. సంచులన్నీ ఆవిడ పాత చీరలతో కుట్టినవే, కానీ ఏ రెండూ ఒకే చీరవి కావు. తన సంచి ఏ చీరదో పిల్లకి తెలిస్తే చాలు, చదువు రాకపోయినా తన బొమ్మలు తను సర్దుకుంటుంది. మా హారికది వంకాయరంగు మీద తెల్లచుక్కలు.

ఆట అయిపోయాక ఎవరి బొమ్మలు వాళ్ళ సంచిలో వేసుకోవాలి. అంతే. ఈ మాత్రం దానికి గోడ జల్లెడ ఎందుకైందంటే, మేకు ఎక్కడ కొట్టాలన్న విషయంలో ఆవిడకో పట్టింపు ఉంది. పిల్లని గోడ పక్కన నిలబెట్టి "చెయ్యి చాపు" అనేది. పిల్లలు హుషారు కొద్దీ మునికాళ్ళ మీద లేచి చెయ్యి పైకెత్తేవాళ్ళు.

"ఎత్తమన్లా, చాపమన్నా. ఎత్తితే అందింది అందినట్టు కాదు. చాపితే అందాల."

చాపిన చెయ్యి గోడని ఎక్కడ తాకితే అక్కడ మేకు. పెదాల మధ్య రెండు మేకులు బిగించి, సైకిల్ ట్యూబు చుట్టిన పిడి ఉన్న సుత్తి పట్టుకుని కొట్టేది. మేకులు నోట్లో ఉన్నా మాట ఆగేది కాదు. కొట్టాక మేకు తల పైకి వంచి, గుచ్చుకోకుండా దూదీ గుడ్డపేలికా చుట్టేది. కొన్నాళ్ళకి పిల్ల పొడుగై వచ్చేది. మళ్ళీ నిలబెట్టేది, పాత మేకు పీకి కాస్త పైన కొత్తది కొట్టేది. పాత చిల్లులో వేలితో తెల్ల సిమెంటు కూరేది. "ఇన్ని ఫ్యాక్టరీలున్న పేటలో సిమెంటుకి కరువా" అనేది. ఆ కూరుడు నాలుగు వానలకి రాలిపోయేది, అది వేరే సంగతి.

సంచి విషయంలో ఒకటే ఒక చట్టం. పెద్దవాళ్ళ చెయ్యి పిల్లల సంచిలోకి వెళ్ళకూడదు. వెళ్ళాలంటే అడగాలి. ఒకసారి మస్తాన్ చిన్నకొడుకు సంచిలో సగం కొరికిన జామకాయ పెట్టి మర్చిపోయాడు. గోడ పొడుగునా చీమల బారు. అన్నయ్య భార్య సంచి తీసి దులపబోతే పిన్ని ఆపింది. వాకిట్లోకెళ్ళి ఆ పిల్లాణ్ణి పిలుచుకొచ్చి, "నీ సంచికి చుట్టాలొచ్చార్రా, ఏం మర్యాద చేస్తావో చూసుకో" అంది. వాడు సంచి వాకిట్లోకి మోసుకెళ్ళి తనే దులుపుకున్నాడు.

వరసలో చివర ఇంకో సంచి ఉండేది. అది ఆవిడదే. బూడిదరంగు నేతచీర ముక్క. ఆవిడ భుజం ఎత్తులో మేకు. అందులోంచి ఒకోసారి గవ్వలు తీసేది, ఒకోసారి చింతపిక్కలు. మిగతా ఏమున్నాయో ఎవరికీ తెలియదు. పిల్లలు బతిమాలేవాళ్ళు, "ఒక్కసారి చూపించు మామ్మా" అని. "నేను మీ సంచిలో చెయ్యి పెట్టానా? మరి నా సంచి మీకెందుకు?" అనేది. పిల్లలకి ఆ న్యాయం అర్థమయ్యేది. నాకు మాత్రం చూడాలని ప్రాణం కొట్టుకునేది.

ఇదంతా చదివి ఆవిడ శాంతమూర్తి అనుకుంటే పొరపాటే. ఊళ్ళో అందరి పద్ధతులూ తప్పు, తన పద్ధతే ఒప్పు అన్న మనిషి. నందిగామలో మా ఇంటికి బస్సు దిగి వచ్చిందంటే చెప్పులు గుమ్మం దాటకముందే విమర్శ లోపలికి వచ్చేసేది. పెళ్ళైన కొత్తలో నాకు ఆవిడంటే భయం, ఆ తరవాత కొన్నాళ్ళు కోపం. హారికకి నడక వచ్చి ఇల్లంతా బొమ్మలైనప్పుడు నేను ఆన్‌లైన్‌లో ప్లాస్టిక్ డబ్బాలు తెప్పించాను. అద్దంలాంటివి, మూతలున్నవి, ఒకదాని మీద ఒకటి పేర్చేవి. ఆవిడ ఒక డబ్బా చేతిలోకి తీసుకుని మూత తీయబోయింది. రాలేదు. "నాకే రావట్లా, అది తీస్తదా? బొమ్మలు దాచావా, దొంగలకి తాళం వేశావా?" అంది.

ఆ మాట మా వారు విన్నారు. వినడమే కాదు, పాటించారు. మర్నాడు మా అత్తగారి ఊరి నుంచి వచ్చిన మిరపకాయల గోతాం ఖాళీ అయితే, పంపు కింద కడిగి, ఎండేసి, బొమ్మలన్నీ అందులో పోసి కిటికీ ఊచకి వేలాడదీశారు. నేను కొట్టుకెళ్ళి పెరుగు తెచ్చేలోగా ఇంట్లోంచి కేకలు. పిల్ల ఆ బొమ్మలు పట్టుకుని కళ్ళు నలుపుకుంది. పిల్ల ఏడుస్తుంటే ఎత్తుకుని ఆయన కూడా కళ్ళు తుడుచుకున్నారు. తండ్రీ కూతురూ కుళాయి కింద తలలు పెట్టి ఏడుస్తున్నారు. పిన్నికి ఫోన్‌లో చెప్తే అటువైపు నవ్వు ఎంతకీ ఆగలేదు. "మిరపకాయ గోతాం ఏట్లో నానేసినా మిరపకాయేనే! పుట్టినకాణ్ణించీ ఆ పంట తిన్నోడికి ఆ మాత్రం తెలవదా?" అంది. తరవాతి బస్సుకే సంచి కుట్టి పట్టుకొచ్చింది. మా పడగ్గది గోడకి మేకు కొట్టింది. అలా పేటలో ఒకటీ, నందిగామలో ఒకటీ, హారికకి రెండు మేకులు.

నాకూ ఒకసారి గెలుపు దక్కిందని చెప్పుకోవాలి. వానాకాలంలో పేట ఇంట్లో ఎలుకలు పడి సంచులు కొరికేశాయి. ఆ వానల్లో మా ఇంట్లోనూ ఎలుకలు తిరిగాయి గానీ నా డబ్బాల జోలికి ఏ ఎలుకా రాలేదు. నేను ఊరుకుంటానా? వెళ్ళి మరీ చెప్పాను. ఆవిడ కొరికిన సంచి చిల్లులోంచి వేలు బయటికి పెట్టి కాసేపు చూసుకుంది. "సరే, ఆ డబ్బా ఒకటి నాక్కూడా పట్రా" అంది. ఓడిపోయింది కదా అని తెచ్చిస్తే, అందులో అప్పడాలు పోసుకుంది.

అసలు సంగతి లారీది.

హారికకి నాలుగో ఏడు. హైవే మీద సిమెంటు లారీలు చూసీ చూసీ దానికి వాటి పిచ్చి పట్టింది. డ్రమ్ము తిరిగే పసుపుపచ్చ లారీ బొమ్మ ఒకటి కొనిచ్చాం. అన్నం తింటున్నా పక్కనే, పడుకున్నా పక్కనే. మా వారిది విత్తనాల కొట్టు. చందర్లపాడు నుంచి ఒక పెద్దరైతు, ఏళ్ళ తరబడి మా కొట్టుకే వచ్చేవాడు, మనవణ్ణి తీసుకుని ఇంటికొచ్చాడు. ఆ పిల్లాడు లారీ చూశాడు, పట్టుకున్నాడు, వెళ్ళేటప్పుడు వదల్లేదు. ఏడుపు. పెద్దాయన "ఇచ్చెయ్యరా" అంటూనే ఉన్నాడు. మనిళ్ళల్లో జరిగేదే జరిగింది. "పర్లేదండీ, తీసుకెళ్ళనివ్వండి, చిన్నపిల్లాడు కదా" అన్నారు మా వారు. నేను వంటింటి గుమ్మంలోంచి కళ్ళతో వద్దంటున్నా ఆయన నావైపు చూడలేదు. చూడకూడదనే చూడలేదు. పైగా "మా పిల్లకి ఇంకోటి కొంటాంలే" అని కారు దాకా వెళ్ళి సాగనంపారు.

హారిక ఏడిస్తే బాగుండేది. ఏడవలేదు. ఆ సాయంత్రం సంచి మేకు మీంచి తీసి మంచం కిందకి తోసేసింది. మర్నాటి నుంచి ఇంట్లో చిత్రాలు మొదలయ్యాయి. బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే ప్లాస్టిక్ కోతి తగిలింది. వాషింగ్ మెషిన్‌లో చీరలతో పాటు ఒక ఏనుగు గిరగిరా తిరిగింది. పరుపు కింద, పప్పుల డబ్బాల వెనక, నా హ్యాండ్‌బ్యాగులో బొమ్మలే. ఎవరైనా తలుపు కొడితే చాలు, పరుగెత్తి చేతిలో ఉన్నది దాచేసేది. ఆడుకోవడం మానేసింది, కాపలా కాయడమే పని. మా వారు కొత్త లారీ తెస్తే దాన్ని ముట్టుకోలేదు. "ఇది కూడా వాడికే ఇవ్వు" అంది. మా ఇంట్లో, మా పిల్లకి, మేమే దొంగలమైపోయాం.

పిన్ని వచ్చేసరికి ఇదీ పరిస్థితి. మేకు ఖాళీగా ఉండటం చూసింది. బియ్యం కడగడానికి డబ్బా తీసి, కోతిని బయటికి తీసి, దుమ్ము తుడిచి, మళ్ళీ బియ్యంలోనే పెట్టింది. "దాచుకున్న చోటు అది. తీస్తే నేనూ దొంగనే" అంది. అప్పుడు చెప్పాను లారీ సంగతి.

మధ్యాహ్నం మా వారు భోజనానికి వచ్చారు. పిన్ని అన్నం వడ్డించి, పప్పు వేసి, నెయ్యి కూడా వేసి, ఎదురుగా కూర్చుంది.

"ఎవర్నడిగి ఇచ్చావురా?"

"ఏంటత్తా?"

"లారీ."

"చిన్న బొమ్మత్తా. పెద్దాయన మనవడు ఏడుస్తుంటే..."

"చిన్నదని నీకు. నీ కొట్లో విత్తనాల పాకెట్టు ఎంతుంటది? దోసెడు. నిన్నడక్కుండా ఎవడన్నా పట్టుకెళ్తే ఊరుకుంటావా?"

"ఇప్పుడు వెళ్ళి అడిగితే బాగుంటదా? ఆయన మనకి ఎంత కావలసిన మనిషో నీకు తెలవదు. రేపు కొట్టు మొహం చూడడు."

"నిన్ను వెళ్ళమన్లా. అన్నం తిను."

నాలుగింటికి ఆటో మాట్లాడింది. నన్నూ హారికనీ ఎక్కించుకుంది. దార్లో చుట్టాలింటికి వెళ్తున్నట్టు జంతికల పొట్లం కొంది. నాకైతే చందర్లపాడు ఎప్పటికీ రాకుండా ఉంటే బాగుండనిపించింది. ఆటో ఆ పెద్ద ఇంటి ముందు ఆగింది.

"మా లారీ మీ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిందంటండీ" అంది పిన్ని, అరుగెక్కుతూనే, జంతికల పొట్లం ఆ ఇంటావిడ చేతిలో పెడుతూ. "తీసుకెళ్దామని వచ్చాం."

పెద్దాయన రోడ్డు వైపు చూశాడు, నిజం లారీ అనుకుని. ఇంటావిడకి మాత్రం అర్థమైంది. మొహం పాలిపోయింది. "అయ్యో, ఆ బొమ్మ గురించా! ఫోన్ చేస్తే మేమే పంపేవాళ్ళం కదండీ" అంటూ లోపలికి వెళ్ళి పిల్లాడి చేతిలోంచి లాగబోయింది. వాడు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. నాకు ఆ క్షణాన భూమి చీలి మింగేస్తే బాగుండనిపించింది.

"లాక్కోమాకండి" అంది పిన్ని. "మా పిల్ల దగ్గర లాక్కుందే చాలు. వాణ్ణి ఆడుకోనియ్యండి. మాకేం తొందర లేదు."

కూర్చుంది. నిజంగానే కూర్చుంది. మజ్జిగ వచ్చింది, తాగింది. మిరపతోటకి పట్టిన తామరపురుగు గురించి పెద్దాయనతో మాట్లాడింది, ఆయన చెప్పింది సగం తప్పని కూడా చెప్పింది. హారిక నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లారీ వంకే చూస్తోంది. పిల్లాడు లారీ ఒళ్ళో పెట్టుకుని మా వంకే చూస్తున్నాడు. ఎవరూ కదలడం లేదు.

అప్పుడు పిన్ని చూపు హాల్లో ఉన్న అద్దాల షోకేసు మీద పడింది. గోడ సగం అదే. నిండా బొమ్మలు. రైలు, హెలికాప్టరు, రిమోటు కార్లు, కొన్నింటికి పైన కవరు కూడా తియ్యలేదు. కింద చిన్న తాళం.

"ఇవన్నీ ఎవరివండీ?"

"వాడివేనండి. వాళ్ళ నాన్న తెచ్చినవి. పాడుచేస్తాడని తాళం వేశాం" అంది ఇంటావిడ.

"వాడివైతే తాళంచెవి వాడి దగ్గర కదండీ ఉండాల్సింది?"

నేను పెద్దాయన మొహం వంక చూడలేకపోయాను. తరవాత సీజన్, మా కొట్టు, ఖాతా, అన్నీ ఆ మొహం మీదే ఆధారపడి ఉన్నాయి. ఆయన మీసం మీద చెయ్యి వేసుకుని షోకేసు వంక చూశాడు, మనవడి వంక చూశాడు, పెద్దగా నవ్వాడు. "ఆ తాళంచెవి ఇటు తేవే" అన్నాడు భార్యతో. తెచ్చింది. తాళం ఆయన తియ్యలేదు. పిల్లాడి అరచేతిలో పెట్టాడు.

వాడికి తాళం తియ్యడం రాలేదు. హారిక నా కుచ్చెళ్ళు వదిలి వెళ్ళి, చెవి ఎటు తిప్పాలో చూపించింది. అద్దం జరిగింది. పిల్లాడు రైలు తీశాడు, కవరు చింపాడు, నేల మీద బోర్లా పడుకుని పట్టాలు అతికించడం మొదలుపెట్టాడు. లారీ పక్కన పడి ఉంది. పిన్ని హారిక వంక చూసి గడ్డం ఎత్తింది, అడుగు అన్నట్టు.

"నా లారీ తీసుకెళ్ళనా?" అంది హారిక.

"ఆఁ" అన్నాడు వాడు, తల ఎత్తకుండానే.

తిరుగు ఆటోలో హారిక లారీ ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయింది. ఇంటికొచ్చాక మంచం కింద నుంచి సంచి లాగింది, మేకుకి తగిలించింది. బియ్యం డబ్బాలోంచి కోతి వచ్చింది. పరుపు కింద నుంచి కుక్కపిల్ల వచ్చింది. నేను మర్చిపోయిన చోట్ల నుంచి కూడా ఏవేవో వచ్చాయి. అన్నీ ఒకటొకటిగా సంచిలోకి చేరుతుంటే నాకు ఏడుపొచ్చింది. పిన్ని నా వంక చూసి, "పిల్లలు బొమ్మలు ఎందుకు సర్దరో తెలిసిందా? పెట్టిన చోట ఉంటయ్యన్న నమ్మకం ఉంటే సర్దుతారు. డబ్బాలూ సంచులూ తరవాత సంగతి" అంది. వెంటనే, "ఏడుపు ఆపి కాఫీ పెట్టు, బస్సు టైమవుతంది" అని కూడా అంది.

పెద్దాయన తరవాత సీజన్‌కి మా కొట్టుకే వచ్చాడు. విత్తనాల కంటే ముందు అడిగింది, "మీ మేనత్త ఎట్టా ఉందయ్యా?" అని.

చివరి ఏళ్ళలో పిన్ని భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. ఒకసారి వెళ్ళేసరికి ఆవిడ సంచి మేకు కిందకి దిగి ఉంది. "ఏంటి పిన్నీ ఇది?" అంటే, "చాపితే అందాల కదమ్మాయ్, నా చట్టం నాకు లేదా?" అంది. ఆ తరవాత ఇంకాస్త దిగింది. అలా ఆ గోడ మీద పిల్లల చిల్లులు కింద నుంచి పైకి, ఆవిడవి పై నుంచి కిందకి. నేనది చూసి దిగులు పడ్డాను. ఆవిడ పడలేదు. మేకు సరిగ్గా దిగిందా లేదా అని గోరుతో కదిపి చూసుకుంది.

అన్నయ్య లప్పం మాట, ఫోన్ వచ్చిన రోజు సాయంత్రమే మా వారికి చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుంటున్న వారల్లా ఆగిపోయారు. తడి చేత్తోనే ఫోన్ తీశారు.

"బావా, లప్పం అప్పుడే పెట్టించమాక. పిల్లల్ని అడగాల."

ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చినందుకు నేను లోపల్లోపల పొంగిపోయాను.

ఆదివారం అందరం పేటలో చేరాం. పిల్లలని పేరే గానీ అందరూ ఎదిగిపోయారు. హారిక నా కంటే పొడుగు. మస్తాన్ చిన్నకొడుక్కి మీసాలొచ్చాయి. సంచులు ఎవరివి వాళ్ళు తీసుకున్నారు, మేకులు ఎవరివి వాళ్ళు పీక్కున్నారు, అదే సైకిల్ ట్యూబు సుత్తితో. చిల్లులు పూడ్చడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. "ఇప్పుడు మాకు అన్నీ అందుతున్నయ్ కదా మావయ్యా" అంది హారిక నవ్వుతూ. పెయింటర్ లప్పం కలిపి రేకు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చాడు.

చివర బూడిదరంగు సంచి ఒక్కటే మిగిలింది. నా నడుం కంటే కొంచెం పైన, కిందకి దిగిన ఆ మేకుకి.

"అమ్మది" అంటూ అన్నయ్య చెయ్యి చాపాడు, తీసి చూద్దామని. ఆ మాటకి వస్తే నా మెడ కూడా ముందుకి సాగింది. ఇన్నేళ్ళ కోరిక.

"ఎవర్నడిగి తీస్తున్నారు మావయ్యా?" అంది హారిక.

అన్నయ్య చెయ్యి గాల్లోనే ఆగింది. అంత గట్టిగా మాట్లాడే మనిషి మెల్లిగా చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. అడగాల్సిన మనిషి లేదు. పెయింటర్ ఒకసారి సంచి వంకా, ఒకసారి మా వంకా చూశాడు.

"ఇప్పుడు దీన్నేం చెయ్యమంటారండీ?"

జవాబు మా వారు చెప్పారు.

"దాని చుట్టూ లప్పం పెట్టెయ్యండి."